కిటుకు

మొన్న లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర మా ఆవిడ స్కూటర్ మీద ఆగి ఉన్నాను. గేర్లు లేని బండి. పచ్చలైటు పడగానే నా కుడిపాదం దానంతటది ముందుకి జరిగి, బొటనవేలితో దేన్నో పైకెత్తబోయింది. అక్కడేముంటుంది? కాళ్ళ దగ్గర పెట్టుకున్న కూరల సంచిలో సొరకాయ తగిలింది. వెనక కారతని హారన్ మోత. బుల్లెట్ అమ్మేసి తొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి నాకు తెలుసు. కాలికి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

ముప్పై ఐదేళ్ళలో ఐదు మోటారు సైకిళ్ళు నడిపాను. రాజ్‌దూత్, యెజ్డీ, ఆరెక్స్ హండ్రెడ్, సీడీ హండ్రెడ్, బుల్లెట్. మొదటిది నాన్నది, తక్కినవి నావి. ఆ రోజుల్లో బండి కొనడం వేరు, బండి మనదవడం వేరు. తాళం చేతికొస్తే కొన్నట్టు, దాని కిటుకు దొరికితే మనదయినట్టు. స్నేహితుడెవడైనా సరదాపడి అడిగితే ఇచ్చేవాళ్ళం. పది కిక్కులు కొట్టి, చెమటలు కక్కి, ‘నీ బండి నువ్వే ఏలుకోరా నాయనా’ అని తాళం తిరిగి ఇచ్చేసేవాడు. మనం వెళ్ళి ఏమీ ఎరగనట్టు ఒక్క తన్ను తన్నితే అందుకునేది. అప్పుడు మన మొహంలో వెలుగు చూడాలి! ఆర్సీ బుక్కులో ఎవరి పేరున్నా కిటుకు తెలిసినవాడే బండికి యజమాని అని అప్పట్లో నా సిద్ధాంతం.

నాన్నకి దుగ్గిరాల యార్డులో పసుపు కమీషన్ వ్యాపారం. తెనాలి నుంచి రోజూ రాజ్‌దూత్ మీద వెళ్ళొచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన చొక్కా, బండి సీటు, చివరికి హ్యాండిలు రబ్బర్లు కూడా పసుపు వాసనే. ఎస్కార్ట్స్ వాళ్ళు తయారుచేసిన ఆ 175 బండికి మాతృక ఎస్‌హెచ్‌ఎల్ అనే పోలండు బండి అని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. పోలండు ఎక్కడ, దుగ్గిరాల కొమ్ముల పసుపు ఎక్కడ! నాన్నకి ఆ గొడవ అక్కర్లేదు. రెండు బస్తాలు కట్టినా మూలగకుండా మోస్తుందా లేదా అన్నదే ఆయన లెక్క. పాలవాళ్ళు కూడా ఆ లెక్కతోనే అటూ ఇటూ క్యాన్లు తగిలించుకుని ఆ బండినే నమ్ముకున్నారు. 1973లో ‘బాబీ’ సినిమా వచ్చాక రాజ్‌దూత్ అనగానే కుర్రకారుకి అందులోని చిన్న బండి గుర్తుకొచ్చేది. మా వీధి పిల్లలు ‘మీదీ బాబీ బండేనా?’ అని అడిగితే నాకు సిగ్గేసేది. మాది బాబీ బండి కాదు, బస్తాల బండి.

టూ స్ట్రోకు ఇంజను కాబట్టి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. నాన్న దగ్గర ఒక పాత టానిక్కు సీసా ఉండేది. దాని మీద గోటితో గీసిన గీతే కొలత. ఆయిలు పోశాక మూత బిగించి, హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, బండిని అటూ ఇటూ ఊపేవాడు. పసిపిల్లని ఉయ్యాల ఊపినట్టు నెమ్మదిగా, లెక్కపెట్టి పదిసార్లు. అదీ రాజ్‌దూత్ కిటుకు.

1981లో, నాకు బండి నడపడం కొత్తగా వచ్చిన రోజుల్లో, నాన్నకి చెప్పకుండా పెట్రోలు కొట్టించుకుని దుగ్గిరాల బయల్దేరాను. సీసా సంగతి గుర్తే లేదు. లాకుల దగ్గరికి వచ్చేసరికి ఇంజను గొంతు మారింది. సన్నగా, రేకు మీద మేకుతో గీసినట్టు ఒక కీచు. మరుక్షణం వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి రోడ్డు మీద పామల్లే మెలికలు తిరిగి కాలవకి రెండు గజాల ఇవతల ఆగింది. పిస్టను పట్టేసింది. నాన్న ఎవరి సైకిలో అడిగి తీసుకుని వచ్చాడు. తిట్టలేదు. ప్లగ్గు విప్పి, ఆ కన్నంలోంచి చెంచాడు ఆయిలు పోసి, తుమ్మచెట్టు నీడన కూచుని బీడీ వెలిగించాడు. బీడీ అయ్యాక కిక్కు రాడ్డు చేత్తోనే కొంచెం కొంచెంగా కదిపాడు. కదిలింది. అప్పుడు నావైపు చూసి, “నూనె లేకుండా గారెలు వేగుతాయట్రా?” అన్నాడు. అంతే. ఇంట్లో అమ్మకి కూడా చెప్పలేదు.

యెజ్డీ నా సొంత సంపాదన. సంపాదనంటే, గుంటూరులో చదువుకుంటూ రెండేళ్ళపాటు ట్యూషన్లు చెప్పి కూడబెట్టింది. 1986లో సెకండ్ హ్యాండుకి కొన్నాను. రెండు సైలెన్సర్లు, 250 సీసీ, మైసూరు బండి. మైసూరులో ఐడియల్ జావా అనే కంపెనీ పెట్టిన ఇరానీలు 1961 నుంచి అక్కడ జావా బండ్లు చేశారు. జావా అంటే ద్వీపం పేరనుకునేవాణ్ణి. కాదట. చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మను కంపెనీ మోటారు సైకిళ్ళ విభాగాన్ని కొని, తన పేరులో ముందు అక్షరాలు, దాని పేరులో ముందు అక్షరాలు కలిపి పెట్టిన పేరు. ఆ పేరు వాడుకునే గడువు అయ్యాక మైసూరువాళ్ళు యెజ్డీ అన్నారు. ఇరాన్‌లో యజ్ద్ అనే ఊరుంది, దాని మీద పెట్టిన పేరు. గుంటూరు లాడ్జి సెంటర్లో ఆగి ఉన్న బండి ట్యాంకు మీద ఇరాన్ ఊరి పేరు! మా హాస్టల్లో ఈ ముక్క తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది చెప్పి ఎంతమందిని విసిగించానో.

ఆ బండికి కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. ఎడమవైపు ఉంటుంది. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకి వాల్చేస్తే గేరు. కొత్తవాడికి బండి ఇస్తే ముందు కుడివైపు వంగి కిక్కు కోసం వెతుక్కునేవాడు. అది చూడ్డానికే కొందరికి బండి ఇచ్చేవాణ్ణి, పాపం! గేర్లు వేసీ వేసీ నా ఎడమ చెప్పు పైభాగం అరిగి నల్లగా కమిలిపోయేది. హాస్టలు ముందు చెప్పులు కుట్టే పెద్దాయన చెప్పు చేతిలోకి తీసుకుని, మొహం చూడకుండానే ‘యెజ్డీయా బాబూ?’ అనేవాడు.

తెలిసీ తెలియని పనితనం ఆ వయసులో ఎక్కువ. అరండల్‌పేటలో మా మెకానిక్కు భాయ్ పాయింట్లు సరిచేస్తుంటే పక్కన కూచుని చూసి, అంతా వచ్చేసిందనుకున్నాను. ఓ ఆదివారం పూట పోస్టుకార్డు మడిచి, దాని మందం చూసుకుని, నేనే పాయింట్లు సర్దాను. టైమింగు ఎటు పోయిందో ఏమో, మర్నాడు లాడ్జి సెంటర్లో కిక్కు కొడితే బండి ఒకసారి వెనక్కి తన్ని, అదోరకంగా అందుకుంది. గేరు వేసి క్లచ్చు వదిలాను. బండి వెనక్కి పోయింది! టూ స్ట్రోకు ఇంజన్లు ఒక్కోసారి ఇలా తిరగబడి నడుస్తాయని భాయ్ తర్వాత చెప్పాడు. ఆ క్షణాన నాకేం తెలుసు? వెనక సోడాబండి. గోలీసోడాలు నాలుగు పగిలాయి. నాలుగింటికీ డబ్బులిచ్చాక, పగలని అయిదోది కొట్టి సోడాబండి ఆయనే నా చేతికిచ్చాడు, “ముందు ఇది తాగండి, తర్వాత ముందుకెళ్దురుగాని” అంటూ. భాయ్ ఆ కథ విని బల్ల మీద స్పానరు కొట్టి మరీ నవ్వాడు. అప్పట్నుంచి నేను షెడ్డుకి వెళ్తే చాలు, ‘రివర్సు వచ్చింది’ అనేవాడు.

ఆ బండిని 1991లో అమ్మేశాను. అయిదేళ్ళ తర్వాత మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. పేపర్లో వార్త చదివిన రోజు అన్నం సయించలేదు అంటే అతిశయోక్తి. పెరుగన్నం మాత్రం తినలేదు.

ఆరెక్స్ హండ్రెడ్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. దాన్ని నడిపినవాళ్ళు చెబితే ఆపరు, నడపనివాళ్ళకి చెబితే నమ్మరు. మొదటి ఉద్యోగం, మొదటి కొత్త బండి. ఏపీ 7 నంబరు. 98 సీసీ, పదకొండు గుర్రాల బలం. ఆయిలుకి పక్కన వేరే ట్యాంకు, దానికో పంపు, కలుపుకునే బాధ లేదు. నాన్న దాన్ని చూసి, ఆయిలు ట్యాంకు మూత విప్పి వాసన చూసి, “సీసా పని తప్పిందన్నమాట” అన్నాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నాడనే నా అనుమానం. దాని కిటుకు మణికట్టులో ఉంది. కొంతదూరం వరకు సాధువు. ఎక్సలేటరు ఒక గీత దాటిందా, ఉన్నట్టుండి పూనకం. బెజవాడలో సెకండ్ షో చూసి ప్రకాశం బ్యారేజీ మీదుగా వచ్చేటప్పుడు, చొక్కాలోకి కృష్ణ మీది గాలి జొరబడి గుమ్మటంలా ఉబ్బితే, వెనక సైలెన్సరు చిలక కూసినట్టు పలికేది. ఇప్పుడు ఆ పాత బండ్లకి లక్ష దాటి అడుగుతున్నారని వింటున్నాను. నాకు వచ్చింది పద్నాలుగు వేలు.

ఎందుకమ్మానంటే, పెళ్ళయింది. మా ఆవిడ మొదటిసారి ఒకవైపు కాళ్ళు పెట్టుకుని కూచుంది, శారీ గార్డు మీద కుచ్చిళ్ళు సర్దుకుని. చూపించాలిగా మరి. చూపించాను. దిగాక ఆవిడ అరగంట మాట్లాడలేదు. తర్వాత, “మీరు కావాలంటే దాని మీద రండి, నేను బస్సులో వస్తాను” అంది.

అలా 1993లో సీడీ హండ్రెడ్ వచ్చింది. పెట్రోలు పోయించు, మూత బిగించు, మరిచిపో అని ఇంగ్లీషులో ప్రకటన వేసేవాళ్ళు. లీటరుకి ఎనభై అన్నారు. నేను మరిచిపోయాను.

నిజంగానే చెబుతున్నాను. పదకొండేళ్ళు ఆ బండి నడిపాను. ఈ వ్యాసం రాద్దామని కూచుని దాని గురించి ఒక్క కథ వెతికితే దొరకలేదు. మా అమ్మాయిని పొత్తిళ్ళలో ఆసుపత్రి నుంచి తెచ్చింది ఆటోలోనైనా, ఆ రాత్రి మందుల కోసం మూడుసార్లు తిరిగింది దాని మీదే. నాన్నని ఆఖరి ఏడాది డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు తీసుకెళ్ళింది దాని మీదే. ఆయన నా వీపుకి తల ఆనించి కూచునేవాడు. ఆ తల బరువు ఇప్పటికీ వీపుకి తెలుసు. బండి మాత్రం గుర్తులేదు. దాని మొదటి కిక్కు, దాని గొంతు, గేరు పడే చప్పుడు, ఏదీ. హైదరాబాదు బదిలీ అయినప్పుడు లారీ చాలక దాన్ని ఊళ్ళోనే వదిలేశాను. కొన్నాళ్ళకి మా పొలం కౌలుకి చేసే కుర్రాడు అడిగితే ‘తీసుకోరా’ అన్నాను. డబ్బు అడిగానో లేదో కూడా గుర్తులేదు.

బుల్లెట్ 2004లో కొన్నాను, పాత పోత ఇనుప ఇంజనుది. ఈమధ్య పెళ్ళిళ్ళలో బుల్లెట్ పాట లేకుండా పెళ్ళికూతురు మండపంలోకి రావడం లేదుగానీ, అప్పట్లో దాని మీదికి ఆడవాళ్ళు ఎక్కడమే తక్కువ. 1955 నుంచి మద్రాసులో తయారైన బండి. కన్నతల్లి కంపెనీ ఇంగ్లండులో పోయింది, బండి పెంచిన ఊళ్ళో బతికిపోయింది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. మొదటి గేరు పైకి, తక్కినవి కిందికి. అప్పటిదాకా నేర్చుకున్నదంతా తలకిందులు. మొదటి నెలంతా బ్రేకు వేద్దామని గేర్లు మార్చాను.

ఇక స్టార్టు చేయడం ఒక తంతు. తాళం తిప్పగానే హెడ్‌లైటు పైన ఉన్న యామీటరులో ముల్లు ఒక పక్కకి ఒరుగుతుంది. కిక్కు మీద కాలు ఆనించి మెల్లగా, మెల్లగా దించాలి. ఒకచోట గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. అక్కడ ముల్లు మధ్యకి వస్తుంది. వచ్చినప్పుడు ఎడమచేతి దగ్గర డీకంప్రెసరు మీట నొక్కి, ఇంకో రెండు వేళ్ళ మేర దించి, మీట వదిలేసి, కిక్కుని పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి తొక్కాలి. ఎక్సలేటరు ముట్టుకోకూడదు. ముల్లు చూడకుండా తొందరపడితే కిక్కు వెనక్కి తంతుంది. నా కుడి పిక్క మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది, ఆఫీసుకి ఆలస్యమైన ఓ సోమవారం నా తొందర పెట్టిన ముద్ర.

మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. స్కూలుకి దింపేటప్పుడు ట్యాంకు మీద కూచునేది. ముల్లు చూసే ఉద్యోగం తనది. గాజు మీదికి వంగి, ముక్కు ఆనేంత దగ్గరగా, ఊపిరి బిగపట్టి చూసేది. ఆ గాజు మీద దాని ఊపిరి ఆవిరి పట్టేది. “నాన్నా, రాలేదు... రాలేదు... ఆగు... వచ్చింది!” నేను తొక్కేవాణ్ణి. డగ్, డగ్, డగ్ అని ఒక్కొక్క దెబ్బ విడివిడిగా లెక్కపెట్టేలా అందుకునేది. అపార్టుమెంటు అంతటికీ టైము ఎనిమిదింబావని తెలిసేది. ఇప్పుడు ఆ పిల్ల బెంగళూరులో కారు నడుపుతోంది. మీట నొక్కితే స్టార్టయ్యే కారు. నడిపేటప్పుడు డ్యాష్‌బోర్డు వైపు అనవసరంగా వంగి చూస్తుందని అల్లుడు ఫిర్యాదు చేశాడు. నేనేమీ అనలేదు.

2016లో మోకాలు డాక్టరు ఎక్సరే చూసి, “కిక్కు బండి మానేయండి” అన్నాడు. సెల్ఫ్ స్టార్టరున్న కొత్త బుల్లెట్ షోరూములో నడిపి చూశాను. గేరు ఎడమవైపుకి వచ్చేసింది. మంచి బండే. దానికి నాతో పని లేదు, అంతే.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పొద్దున్నే మంచులో కౌలు కుర్రాడు వచ్చాడు. కుర్రాడంటే ఇప్పుడు యాభై దాటాడు, వరసకి కొడుకు. వచ్చింది సీడీ హండ్రెడ్ మీద. ట్యాంకు మీద అక్షరాలు పోయాయి. సీటుకి యూరియా బస్తా గుడ్డ కుట్టించాడు. వెనక రెండు పాల క్యాన్లకి ఇనప చట్రం. రాజ్‌దూత్ తలపుకొచ్చింది. నేను దిగ్గున లేచి, “ఒకసారి ఇవ్వరా, చూస్తాను” అన్నాను.

కిక్కు కొట్టాను. రాలేదు. మళ్ళీ కొట్టాను. ఆరోదానికి మోకాలు కలుక్కుమంది. వాడు నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

“దానికో కిటుకుంది బాబాయ్. మంచు పొద్దుల్లో తాళం తిప్పకుండా రెండు కిక్కులు ఉత్తవి కొట్టాల, మెల్లగా. తర్వాత చోకు సగానికి లేపి, వేలు తియ్యకుండా అట్టే పట్టుకుని, అప్పుడు తాళం తిప్పాల.”

అలాగే చేశాడు. ఒక్క కిక్కు. అందుకుంది. పదకొండేళ్ళు నా దగ్గర ఉన్న బండి. ఈ సంగతి నాకు చెప్పలేదు, లేదా నేను అడగలేదు.

వెళ్ళబోతూ సీటు కింది నుంచి పాలిథీన్ కవరు తీశాడు. అందులో ఆర్సీ. నా పేరు, గుంటూరులో నేనే మరిచిపోయిన అద్దె ఇంటి నంబరు. పదిహేనేళ్ళ గడువు అయ్యాక రిన్యూవలుకి మా తమ్ముడి చేత రెండుసార్లు కాగితాలు పంపిస్తే, ఏ బండికో కూడా చూడకుండా సంతకం పెట్టానట. ఆర్సీ కింద ఇరవై తొమ్మిది, ముప్పై నంబర్ల ఫారాలు మడతల దగ్గర చిరుగుతూ ఉన్నాయి. పేరు మార్పించుకోవడానికి ఎప్పుడో తెచ్చి పెట్టుకున్నాడు, అడగడానికి మొహమాటపడ్డాడు. బండి ఎక్కడ ఎవరికి తగిలినా నోటీసు నా పేరునే వస్తుందని నాకూ తెలుసు. ఆ ఫారాలు హైదరాబాదు తెచ్చుకున్నాను. బల్ల సొరుగులోనే ఉన్నాయి. సంతకం ఇంకా పెట్టలేదు.